యూనియన్ నాయకుడైన నాన్నను, ఇంట్లో నవ్వించిన నాన్నను ఒకే సంచికలో ఎలా రాయాలి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి సమాధానంలోకి వెళతాను. మీ నాన్నగారు గోదావరి లోయ బొగ్గు ప్రాంతంలో కోల్ ఫిల్లరుగా (బొగ్గు నింపే కార్మికుడిగా) చేరి, పిట్ కార్యదర్శిగానూ (ఒక గనిలో యూనియన్ బాధ్యుడిగానూ) ఆ తరువాత బ్రాంచి నాయకుడిగానూ పనిచేసి, పదవీ విరమణ చేసిన కొన్నేళ్ళకు కాలం చేశారు. సంవత్సరీకం నాటికి కుటుంబం తరఫున ఒక సంస్మరణ సంచిక తేవాలని మీ సంకల్పం. యూనియన్ సహచరులు పంపిన వ్యాసాలలో ఆయన ‘ఉక్కు సంకల్పం గల పోరాట యోధుడు’. మీకు తెలిసిన బాపు మాత్రం అధికారుల గొంతులు అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించేవారు, ఆదివారం కూర తానే వండేవారు, పిల్లలతో పేకాడి ఓడిపోతే అలిగి ముసుగుతన్ని పడుకునేవారు. ఈ రెండింటినీ రెండు భాగాలుగా వేయాలా, సరదా సంగతులు రాస్తే నాయకుడి గౌరవం తగ్గుతుందా, ముఖచిత్రంగా ఏ ఫొటో వేయాలి అని మీరు అడిగారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు భాగాలు చేయవద్దు. ‘నాయకుడు’ అని ఒక విభాగం, ‘ఇంటి మనిషి’ అని మరొక విభాగం పెట్టిన సంచికలు నేను చాలా చూశాను. యూనియన్ పత్రిక పనుల్లో ఉన్నవాడిగా కొన్నింటికి ప్రూఫులు కూడా దిద్దాను. మొదటి భాగాన్ని బంధువులు చదవకుండా తిప్పేస్తారు, రెండో భాగాన్ని కార్మికులు చదవకుండా తిప్పేస్తారు, రెండూ కలిపి చదివేది అచ్చుతప్పులు చూసేవాడొక్కడే. మీ నాన్నగారి విషయంలో ఈ విభజన మరీ అన్యాయం అవుతుంది. మీరు రాసిన సంగతులను బట్టి చూస్తే, నవ్వించడం ఆయన తీరిక వేళ సరదా మాత్రమే అనిపించదు. ఆయన యూనియన్ పని నడిచిందే ఆ దారిలో.

బయటివారికి ఇది అతిశయోక్తిగా అనిపించవచ్చు గనుక గని దగ్గర యూనియన్ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరించాలి. పిట్ మీటింగుకు దొరికే సమయం షిఫ్టు మారే ఆ కాసేపే. దిగబోయేవారికి మస్టరు (హాజరు) పడాలన్న తొందర, ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంపు తీసుకోవాలన్న తొందర. పైకి వచ్చినవారికి ఒళ్ళంతా బొగ్గు, కడుపులో ఆకలి, ఇంటికి పోవాలన్న ఆత్రం. అటువంటివారిని పది నిమిషాలు నిలబెట్టడం డిమాండ్ల పత్రం వల్ల అయ్యే పని కాదు. వేతన ఒప్పందంలోని క్లాజులు చదవడం మొదలుపెడితే ముందు వరుస కూడా సైకిళ్ళ వైపు కదులుతుంది. అదే వక్త, నిన్న ఛార్జిషీటు ఇచ్చిన అధికారి నడకను నాలుగడుగులు నడిచి చూపించి, ఆయన గొంతుతోనే రెండు ముక్కలు మాట్లాడితే, వెళ్ళిపోతున్నవాడు కూడా వెనక్కి తిరుగుతాడు. నవ్విన తరువాత క్లాజు చెబితే వింటాడు. నవ్వుకు అక్కడ ఇంకొక పని కూడా ఉంది. తన నాగాల లెక్క బయటపడితే ఉద్యోగం ఏమవుతుందోనని లోపల వణికే కొత్త కార్మికుడు, తనను వణికించిన అధికారి మీద వేసిన ఒక మాటకు వందమంది ఒకేసారి నవ్వడం విన్నప్పుడు, తానొక్కడే భయపడటం లేదని మొదటిసారి తెలుసుకుంటాడు. సభ్యత్వ రశీదు పుస్తకం బయటికి తీయవలసిన సమయం అదేనని అనుభవమున్న ఏ పిట్ కార్యదర్శిని అడిగినా చెబుతాడు.

ఇక మీరు రాసిన ఇంటి సంగతికి వస్తాను. ఆదివారం మాంసం కావాలని పిల్లలు అలిగితే మీ నాన్నగారు పలక తెప్పించి దానిమీద సమ్మె నోటీసు రాయించేవారని, యాజమాన్యం హోదాలో మీ అమ్మగారికి దానిని అందజేయించేవారని, మీ నానమ్మగారిని లేబర్ కమిషనరుగా కుర్చీలో కూర్చోబెట్టి చర్చలు నడిపించేవారని రాశారు. నోటీసు ఇవ్వకుండానే అన్నం మానేసిన మీ తమ్ముడికి ‘పద్నాలుగు రోజుల నోటీసు లేదు కాబట్టి ఇది అక్రమ సమ్మె, కోత పడుతుంది’ అని తీర్పు చెప్పి, అతని వంతు జిలేబీ తానే తినేశారని కూడా రాశారు. ఇంత సంగతిని మీరు ‘ఇలాంటి చిన్న చిన్న సరదాలు చాలా ఉండేవి’ అని ఒక వాక్యంతో దాటేశారు. నేను సంపాదకుడినైతే సంచికను దీనితోనే మొదలుపెడతాను.

ఎందుకో చెబుతాను. ఆ ఆటలో ఆయన కల్పించినది దాదాపు ఏమీ లేదు. 2025 వరకు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ప్రకారం ప్రజోపయోగ సేవగా ప్రకటించిన పరిశ్రమలో సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వవలసి ఉండేది, రాజీ చర్చలు సాగుతుండగా సమ్మె చేయకూడదని ఉండేది. వేతనాల చెల్లింపు చట్టం 1936 ప్రకారం పదిమంది గానీ అంతకు మించి గానీ కలిసికట్టుగా, ఇవ్వవలసిన నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల వేతనం వరకు కోసుకునే వీలుండేది. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె నడిచింది ఈ కోత విషయంలోనే. అప్పటికి గనిలో ఉన్నవారికి ‘కోత’ అన్న మాట ఏ జ్ఞాపకాలతో వినబడుతుందో వేరే చెప్పనక్కరలేదు. దానినే ఆయన జిలేబీ మీదికి తెచ్చి పిల్లల చేత నవ్వించారు. మీ నానమ్మగారి కుర్చీకి కూడా చట్టంలో చోటుండేది: రాజీ అధికారి సమక్షంలో కుదిరేది పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షను కింద ఒప్పందం, అధికారి లేకుండా ఇరుపక్షాలు తమలో తాము చేసుకునేది 18(1) కింద ఒప్పందం. నానమ్మగారు ఊరికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో చర్చలు ఎలా జరిగేవో మీ అన్నదమ్ములను అడగండి. ఆయన దానికీ ఏదో ఒక ఏర్పాటు చేసే ఉంటారని నా అనుమానం.

ఇలా రాస్తే గౌరవం తగ్గదు. సమ్మె నోటీసు ఆటను, దాని వెనుక ఉన్న చట్టాన్ని, ఆ చట్టంతో ఆయన గనిలో పడిన పాట్లను ఒకే పేజీలో పక్కపక్కన పెడితే, ఆయన పిల్లలకు ఏమి నేర్పారో, కార్మికులకు ఎలా నేర్పారో పాఠకుడికే అర్థమవుతుంది. ‘ఆయన గొప్ప ఉపాధ్యాయుడు’ అన్న వాక్యం రాయవలసిన అవసరమే రాదు.

మన ప్రాంతపు కార్మికోద్యమంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ గురించి సాహిత్య సభల్లో ఒక మనిషిని, కార్మిక సభల్లో మరొక మనిషిని వింటాము. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో పసుపు శాలువా మీద హాస్యగీతం కట్టి హాస్టలు మిత్రులను నవ్వించినవాడు, సిటీ కాలేజీ అధ్యాపక ఉద్యోగం వదిలి నిజాం రాజ్యంలో కార్మిక సంఘాలు కట్టినవాడు, 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళినవాడు ఒక్కరే. ఆయన బాల్యం గురించి తరచుగా చెప్పే సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. తండ్రి పోయిన ఆ పిల్లవాడికి, రష్యాలో విప్లవం వచ్చి అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చొని తింటున్నారని పినతండ్రి చెప్పాడట. ఇంట్లో భోజనాల దగ్గర విన్న ఆ ఒక్క మాట, తరువాతి రాజకీయ జీవితాన్ని వివరించే ఎన్నో పేజీల కంటే ఎక్కువ చెబుతుంది. ఉద్యమంలో ఆయనకు కుడిభుజంగా ఉన్న డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ తన ఇంటికి మఖ్దూం కవితలోని ‘చంబేలీ కా మండ్వా’ అన్న మాటనే పేరుగా పెట్టుకున్నారు. యూనియన్ అనుబంధాన్నీ ఇంటి అనుబంధాన్నీ విడదీసి చూపాలంటే ఆ ఇంటి పేరును ఏ విభాగంలో వేస్తాం? మీ నాన్నగారిని మఖ్దూంతో పోల్చమని నేను అనడం లేదు, దయచేసి సంచికలో ఎవరినీ అలా పోల్చనివ్వకండి కూడా. ఇటువంటి మనుషులను రెండుగా కోసి రాసే అలవాటు మనకు పాతదేనని చెప్పడానికి మాత్రమే ఆ పేరు ఎత్తాను.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న వ్యాసాల సంగతి. ‘అలుపెరగని యోధుడు’, ‘కార్మిక లోకానికి తీరని లోటు’, ‘ఆశయ సాధనకు పునరంకితం’ వంటి మాటలు రాసినవారిని తప్పుపట్టలేము. అవి సంతాప సభ తీర్మానాల నుంచి చేతికి అలవాటైన మాటలు, దుఃఖంలో ఉన్నప్పుడు అలవాటైన మాటే ముందు వస్తుంది. అయితే పేరు మార్చి ఏ నాయకుడి సంచికలో వేసినా సరిపోయే వాక్యం మీ సంచికలో ఉండనక్కరలేదు. వ్యాసం తిప్పి పంపవద్దు, మనసు నొచ్చుకుంటారు. వారికి ఫోను చేసి, వారు రాసిన ఒక వాక్యాన్ని చదివి వినిపించి, ‘ఇది ఎవరి కేసు, ఏ సంవత్సరం, మీరు అప్పుడు ఎక్కడ ఉన్నారు’ అని అడగండి. చెప్పినది రాసుకొని, వారికే చదివి వినిపించి, వారి పేరుతోనే వేయండి.

దీనికి ఉదాహరణ మీ ప్రశ్నలోనే ఉంది. ఒక సహచరుడు ‘ఎందరో కార్మికుల కుటుంబాలలో వెలుగులు నింపారు’ అని రాశారు. మీరేమో వేరేచోట, పరామర్శకు వచ్చిన ఒక ట్రామరు (గనిలో బొగ్గు టబ్బులు నెట్టే కార్మికుడు) భార్య చెప్పిన సంగతి రాశారు. గైర్హాజరు మీద ఆమె భర్తకు ఛార్జిషీటు వచ్చింది. ఎంక్వైరీకి ముందు రాత్రి మీ నాన్నగారు వారి క్వార్టరుకు వెళ్ళి, మంచాన్ని బల్లగా చేసుకొని, తాను ఎంక్వైరీ అధికారిగా కూర్చొని, అతన్ని నిలబెట్టి ప్రశ్నలు వేశారు. ఆ అధికారికి మాట మధ్యలో కళ్ళజోడు తుడుచుకునే అలవాటు ఉండటంతో, ఆయన తన కండువాతో లేని కళ్ళజోడును తుడుస్తూ ఉంటే ఇంట్లోవారు నవ్వలేక చచ్చారు. మరునాడు ఎంక్వైరీలో దాదాపు అవే ప్రశ్నలు వచ్చాయి, అధికారి కళ్ళజోడు తీశాడు, ట్రామరు తడబడకుండా సమాధానం చెప్పాడు, హెచ్చరికతో బయటపడ్డాడు. యాజమాన్యం జరిపే ఇటువంటి ఎంక్వైరీలో సహ కార్మికుడిగా పక్కన కూర్చునేవాడు చేయవలసిన పనిని ఇంత చక్కగా వర్ణించిన పాఠ్యపుస్తకం నాకు తెలియదు. వెలుగులు నింపడం గురించిన వాక్యాన్ని తీసేసి ఇది వేయండి. ఆ దంపతుల అనుమతి తీసుకోండి, అధికారి పేరు మాత్రం వద్దు.

మీ నాన్నగారి గురించి ఇంకా ఎవరిని అడగాలన్నది తరువాతి విషయం. సొంత యూనియన్ వారిని మాత్రమే అడిగితే సొంత యూనియన్ చరిత్రే వస్తుంది. పోటీ యూనియన్‌లో ఆయనకు ఎదురు నిలిచిన నాయకుడు ఉండే ఉంటారు; ఆయనతో తప్పకుండా మాట్లాడండి. సింగరేణిలో రహస్య బ్యాలెట్ పద్ధతిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 1998లో మొదలయ్యాయి, 2023 డిసెంబరు 27న జరిగిన వాటి వరకు గుర్తింపు ఒక సంఘం నుంచి మరొక సంఘానికి మారుతూ వచ్చింది. ఆ ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు వేసుకున్న సెటైర్లు, కట్టిన పాటలు, గేటు దగ్గర ఎదురెదురు మైకుల్లో నడిచిన వాగ్వాదాలు ప్రత్యర్థికే బాగా గుర్తుంటాయి, ఎందుకంటే దెబ్బ తిన్నది అతనే. పదవీ విరమణ చేసిన పర్సనల్ అధికారి ఎవరైనా దొరికితే ఇంకా మంచిది. బల్లకు అవతల కూర్చున్నవాడు, ఈయన ఏ విషయంలో పట్టు వదిలేవాడో, ఏ విషయంలో వదిలేవాడు కాదో కచ్చితంగా చెప్పగలడు. క్యాంటీను నడిపినవారిని, ల్యాంప్ రూములో పనిచేసినవారిని మరచిపోవద్దు. అడిగేటప్పుడు ‘ఆయన ఎలాంటి మనిషి’ అని అడిగితే ‘చాలా మంచి మనిషి’ అన్న సమాధానమే వస్తుంది. ‘ఆయన మీద మీకు ఎప్పుడైనా కోపం వచ్చిందా’ అని అడగండి. మొదట కాస్త తటపటాయిస్తారు, తరువాత కుర్చీ ముందుకు జరుపుకొని చెప్పడం మొదలుపెడతారు.

జ్ఞాపకం సంఘటనను బాగా పట్టుకుంటుంది, సంవత్సరాన్ని పట్టుకోదు. కాబట్టి తేదీలను కాగితాలతో సరిచూసుకోవాలి. 2025 వరకు అమల్లో ఉన్న ట్రేడ్ యూనియన్ల చట్టం 1926 కింద నమోదైన ప్రతి సంఘమూ ఏటా రిజిస్ట్రారుకు రిటర్ను పంపవలసి ఉండేది, అందులో ఆ ఏడాది జరిగిన ఆఫీసు బేరర్ల మార్పులు ఉండేవి. ఆయన ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నారో తేల్చడానికి అంతకంటే నమ్మదగినది లేదు. యూనియన్ ఆఫీసులో ఆ ప్రతులు ఉండాలి. ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో ‘ప్రొటెక్టెడ్ వర్క్‌మన్’గా (చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చిన యూనియన్ ప్రతినిధిగా) ఆయనను గుర్తించిన ఉత్తరాలు ఉంటే అవి కూడా సాక్ష్యాలే. ఆయన సంతకం ఉన్న ఒప్పందం ప్రతి దొరికితే చివరి పేజీని ఫొటో తీసి వేయండి. వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టరుగా గానీ, పిట్ సేఫ్టీ కమిటీలో గానీ పనిచేసి ఉంటే ఆ సంగతి తప్పక రాయాలి. సభల్లో ఎవరూ చెప్పరు గానీ గనిలో ప్రాణాలకు సంబంధించిన పని అది. జాతీయ వేతన ఒప్పందాల విషయంలో మాత్రం జాగ్రత్త. బొగ్గు పరిశ్రమలో మొదటి జాతీయ ఒప్పందం 1975 జనవరి 1 నుంచి అమలైంది, ఆ తరువాతవన్నీ జాతీయ స్థాయిలో జేబీసీసీఐ (బొగ్గు పరిశ్రమలో యాజమాన్యాలు, యూనియన్ల సంయుక్త కమిటీ) చర్చల్లో కుదిరినవి. బ్రాంచి నాయకుడు ‘సాధించిన’ వేతన పెరుగుదల అని వాటిని ఆయన ఖాతాలో రాస్తే తెలిసినవారు నవ్వుతారు. ఆ ఒప్పందం తన గనిలో ఏ కార్మికుడికి ఎందుకు అమలు కాలేదో పట్టుకొని, ఏ గ్రేడు తప్పు పడిందో వెతికి, అమలు చేయించడమే బ్రాంచి నాయకుడి అసలు శ్రమ. అది రాయండి.

మీ అమ్మగారి గురించి మీరు ప్రశ్నలో ‘అన్నింటికీ సహకరించారు’ అన్న రెండు మాటలతో సరిపెట్టారు. ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను, మన్నించండి. సహకరించడం అంటే ఏమిటి? ఆయన సస్పెన్షనులో ఉన్న కాలం ఒకటుందని మీరే రాశారు. అప్పట్లో అమల్లో ఉన్న స్టాండింగ్ ఆర్డర్ల చట్టం 1946 ప్రకారం సస్పెన్షను కాలంలో మొదటి 90 రోజులు సగం వేతనం, ఆ తరువాత కార్మికుడి వల్ల కాని జాప్యానికి 75 శాతం జీవనభత్యంగా రావలసి ఉండేది. సగం వేతనంతో అత్తగారిని, పిల్లలను, వేళాపాళా లేకుండా వచ్చిపోయే యూనియన్ వారి టీలను ఆమె ఎలా నెట్టుకొచ్చారు? కిరాణా ఖాతా ఎంతకు పెరిగింది, ఏ నగ ఎక్కడికి వెళ్ళింది, తిరిగి వచ్చిందా? ఆయన జోకులు ఆమెకు ఎప్పుడూ నవ్వు తెప్పించాయా, లేక కొన్నిసార్లు ఒళ్ళు మండించాయా? సరదా మనిషితో కాపురం చేసినవారికి, ఆ సరదా ఊరందరికీ పంచిపెట్టగా చివరికి ఇంటికి ఎంత మిగిలిందో బాగా తెలుసు. ఆమె వ్యాసం రాయలేనంటే కూర్చోబెట్టి మాట్లాడించి, ఆమె మాటల్లోనే రాసుకోండి. పిల్లలెవరికైనా పుట్టినరోజుకు ఆయన లేకపోవడం, పరీక్షల ఫలితాల రోజు ఆయన ఎక్కడో ధర్నాలో ఉండటం వంటివి గుర్తుంటే అవి కూడా రాయవలసినవే. ఆయనను ప్రేమించారు గనుకనే ఆ లోటు గుర్తుంది. అది చదివి ఎవరూ ఆయనను తక్కువగా అనుకోరు.

ఓటములు దాచవద్దు. ఓడిన ఎన్నిక, విఫలమైన సమ్మె, కాపాడలేకపోయిన డిస్మిస్ కేసు ప్రతి నాయకుడికీ ఉంటాయి. ఆ కేసు కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉండవచ్చు, మీ సంచిక వారి చేతికి కూడా వెళుతుంది. గెలిచినవి మాత్రమే ఉన్న జీవితచరిత్రను వారు మొదటి పేజీలోనే నమ్మడం మానేస్తారు.

ప్రమాదాల గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది చనిపోయారు. ఆ ప్రాంతంలో ఆ రోజు గుర్తులేని ఇల్లు ఉండదు, ప్రతి యూనియన్ నాయకుడూ అక్కడ ఉన్నాడు. ఆయన ఆ రోజులలో ఏమి చేశారో పక్కనున్నవారు చెబితేనే రాయండి, ఎంత చెబితే అంతే రాయండి. ఆ పేజీలో హాస్యం ఉండకూడదని నేను నియమం పెట్టను. ప్రమాదం జరిగిన ఇళ్ళ దగ్గర రాత్రంతా కూర్చునేవారి మధ్య ఏదో ఒక క్షణంలో పాత సంగతి తలుచుకొని నవ్వడం కూడా జరుగుతుంది, చూసినవారికి తెలుసు. కాని దానిని రాసే హక్కు ఆ ఇంటివారిది, మీది కాదు, నాది అంతకన్నా కాదు.

ఇక జోకుల ఎంపిక. అధికారం ఉన్నవారి మీద వేసినవీ, తన మీద తానే వేసుకున్నవీ ఉంచండి. ఒకరి కులం మీద, శరీరం మీద, నత్తి మీద, ఆడవారి మీద వేసినవి ఉంటే, ఆ రోజుల్లో అందరూ నవ్వినా సరే, తీసేయండి. బతికి ఉన్న అధికారి గొంతును అనుకరించినది వేయాలనుకుంటే పేరు, హోదా, గని పేరు మూడూ తీసేసి వేయండి. అనుకరణను కాగితం మీద పెట్టడంలో ఇంకొక చిక్కుంది. చెప్పినవాడి ముఖం, గొంతు, ఆగిన చోటు లేకుండా జోకు మాటలు మాత్రమే రాస్తే చప్పగా ఉంటుంది. అందుకని జోకు కంటే దాని చుట్టూ ఉన్నదానికి ఎక్కువ చోటు ఇవ్వండి. అప్పుడు పందెంలో ఏముంది, ఎవరు బిగుసుకుని కూర్చున్నారు, మాట పడ్డాక మొదట నవ్వింది ఎవరు, యాజమాన్యం వైపున నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నది ఎవరు అన్నవి రాస్తే చాలు, పాఠకుడు మిగతాది ఊహించుకుంటాడు. భాష విషయంలో నా సలహా ఏమిటంటే, మీరు చెప్పే కథనం మామూలు వ్రాతభాషలో సాగాలి, ఆయన నోటి మాట మాత్రం ఆయన అన్నట్టే ఉండాలి. ఆయన ‘బాయి’ అంటే మీరు దానిని ‘గని’ అని దిద్దవద్దు. ‘తట్టా చెమ్మస్’ అన్నచోట ‘బొగ్గు నింపే పనిముట్లు’ అని మార్చిన ప్రూఫు ఒకటి నా చేతికి వచ్చింది, దిద్దినవారు చదువుకున్న అల్లుడుగారు. ఆ మాట తెలియని మనుమలు అడిగి తెలుసుకుంటారు.

అచ్చు గురించి రెండు ముక్కలు. డెమ్మీ 1/8 సైజు పెట్టుకోండి, చేతిలో ఇముడుతుంది, సంచిలో పడుతుంది. 16 పేజీలు ఒక ఫారం గనుక పేజీలను ఆ లెక్కలో సర్దుకుంటే కాగితం వృథా కాదు. మీ దగ్గర ఉన్న సరుకుకు నాలుగు ఫారాలు సరిపోతాయని నా అంచనా. నాయకుల సందేశాలతో మొదటి ఫారం నింపే పద్ధతి ఒకటి మన దగ్గర స్థిరపడిపోయింది. ఆ సందేశాలు వద్దంటే వారు నొచ్చుకుంటారు, వేస్తే పాఠకుడు పారిపోతాడు. చివరి పేజీల్లో, చిన్న అక్షరాలలో, ఒకదాని కింద ఒకటి వేయండి, ఫొటోలు లేకుండా. డబ్బు ఇస్తామన్నవారి ప్రకటనలు తీసుకోవాలా వద్దా అన్నది మీ కుటుంబ నిర్ణయం, కాని కాంట్రాక్టర్ల ప్రకటనలు మాత్రం తీసుకోకండి; ఆయన కాంట్రాక్టు కార్మికుల వేతనాల మీద కూడా పోరాడారని మీరే రాశారు.

ముఖచిత్రంగా మీరు అనుకుంటున్న రెండు ఫొటోలలో, మే డే సభలో మెడ నిండా దండలతో మైకు ముందు చెయ్యెత్తిన ఫొటోను లోపల వేయండి, అటువంటిది ప్రతి నాయకుడికీ ఉంటుంది. ల్యాంప్ రూము మెట్ల మీద ఆరేడుగురు కార్మికుల మధ్య ఆయన ఏదో చెబుతుండగా అందరూ పడిపడి నవ్వుతున్న ఫొటోను ముఖచిత్రంగా తీసుకోండి. అది కాస్త మసకగా ఉందని మీ సందేహం, పాత ప్రింటును స్టూడియోలో ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయిస్తే ఆ సైజుకు సరిపోతుంది. అయితే ఒక షరతు. అందులోని ప్రతి ఒక్కరి పేరు, వారు అప్పుడు చేస్తున్న పని, వీలైతే సంవత్సరం కనుక్కొని లోపలి అట్ట మీద ఎడమ నుంచి కుడికి వరుసగా వేయాలి. పేర్లు తెలియకుండా వేస్తే ఆయన చుట్టూ ఉన్నవారు అలంకారం అయిపోతారు, యూనియన్ మనిషి సంచికకు అది తగదు. సంవత్సరీకానికి ఇంకా మూడు నెలల గడువుంది కాబట్టి ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి, ఫొటోలోని వారిలో కొందరు ఇప్పటికే కొడుకుల దగ్గరికి వేరే ఊళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు.